పడవలో ఒంటరిగా అన్న మాట

పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, లైఫ్ జాకెట్లు పదహారూ తీగ మీద ఆరేసి, తాళ్ళు విప్పి ఎక్కడైనా పోగులు లేచాయేమో చూసి మళ్ళీ చుట్టి, బోర్డుల కింద ఇసుక తుడిచి, ఇదంతా అయ్యాక కోచమ్మ రేవు చివరికి వెళ్ళి నిలబడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. తేడా ఒక్కటే, ఇప్పుడు ఆ రేవుకి కట్టడానికి పడవ లేదు. పడవ లేనప్పుడు జాకెట్లు ఆరేయడం దేనికని అడిగేవాళ్ళు అడగొచ్చు. అవి తడిసి ఎనిమిది నెలలైంది. అయినా ఆరేస్తుంది. చెయ్యి ఊరుకోదు మరి.

పడవ ముందు దూసుకుపోతుంటే, వెనక తాడు పట్టుకుని, కాళ్ళకి బల్ల బిగించుకుని, పడవ లేపిన అల మీంచి ఎగిరి దూకే ఆట ఒకటుంది. వేక్‌బోర్డింగ్ అంటారు. అది నేర్పి బతికేవాళ్ళు కోచమ్మా, ఆమె మొగుడూ. ఆమె తాడు చివర, అతను స్టీరింగ్ దగ్గర. కిందటి సీజన్ ఆఖరి వారంలో, నేర్చుకోడానికొచ్చిన ఒకాయన నీళ్ళలో పడ్డాడు. ఆయన్ని ఎక్కించుకోడానికి పడవ వెనక్కి తిరిగింది. అది ఇంజిన్ వెనక బయటికి వేలాడే రకం. తిరుగుతున్న ప్రొపెల్లర్ రెక్క ఆయన పిక్కని కోసేసింది. ఇరవై నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన ఇప్పుడు చక్కగా నడుస్తున్నాడు, ఎదురైతే నవ్వుతాడు కూడా. సరస్సు ఆఫీసు వాళ్ళు మాత్రం నవ్వలేదు. ఇకమీదట ఇక్కడ మనుషుల్ని లాగాలంటే ఇంజిన్ పడవ లోపల, ప్రొపెల్లర్ పొట్ట కింద ఉండే ఇన్‌బోర్డ్ బోటే ఉండాలన్నారు. సోమవారం పొద్దున పదింటికి తనిఖీ. అప్పటికి అలాంటి పడవ రేవులో లేకపోతే పర్మిట్టు వరసలో తర్వాతున్నవాళ్ళకి పోతుంది. పర్మిట్టుతో పాటు రేవూ, షెడ్డూ, షెడ్డు మీద వాళ్ళు కాపురముండే ఆ ఒక్క గదీ పోతాయి. ఇద్దరికీ నలభై దాటాయి. ఇంకో పని చేతకాదు.

పాత పడవని తుక్కు కింద అమ్మారు. కోచమ్మ తన కారు అమ్మేసింది. వాళ్ళన్నయ్య కొంత సర్దాడు, పైగా తన వాన్ కూడా వాడుకోమన్నాడు. అంతా కలిపితే కొత్త ఇన్‌బోర్డ్ బోటు ధరలో పదో వంతైంది. ఆ డబ్బుకి కొత్తదాన్ని మోసే ట్రైలర్ బండి ఇస్తారు, బాగా బతిమాలితే. కాబట్టి పాతది, బాగా పాతది, కానీ నడిచేది కావాలి. అలాంటివి దొరకవని కాదు. దొరికినవాటిలో అబద్ధం చెప్పనివి దొరకడమే కష్టం.

పాత పడవ కొనేవాళ్ళెవరైనా దాని అడుగుని వేలి కణుపులతో తట్టి చూస్తారు. గట్టి చప్పుడొస్తే మంచిది, డొల్లగా మోగితే లోపల చెక్క కుళ్ళినట్టు. కోచమ్మ తడితే ఆ చప్పుడుతో పాటు, ఆ పడవలో ఆఖరిసారి ఒంటరిగా కూర్చున్న మనిషి అన్న మాట ఆ మనిషి గొంతుతోనే, పక్కనున్నవాళ్ళక్కూడా వినిపిస్తుంది. నలుగురితో ఉండగా అన్నవి రావు, ఒంటరిగా అన్నవే వస్తాయి. వాళ్ళమ్మకీ ఇదే ఉండేది, కాకపోతే ఆవిడకి పలికేవి బీరువాలు. అందుకే వాళ్ళింట్లో ఎవరూ బీరువా దగ్గర నోరు విప్పేవాళ్ళు కాదు. పడవలమ్మేవాళ్ళకి కూడా ఈ సంగతి తెలుసు. మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చే మనిషిని చూసినట్టే ఈమెనీ చూసి కొంచెం ముఖం మాడ్చుకుంటారు, అంతే.

గురువారం భార్యాభర్తలిద్దరూ ఒక హోటల్ యజమాని దగ్గరికెళ్ళారు. నీలం రంగు పడవ, పైనుంచి చూస్తే పెళ్ళికూతురిలా ఉంది. లోపల నేలంతా కొత్త కార్పెట్.

"మొన్ననే వేయించానండీ. కొనేవాళ్ళు ముచ్చటపడతారని," అన్నాడు యజమాని.

కోచమ్మ ట్రైలర్ కిందికి దూరి తట్టింది. "కార్పెట్ ఎత్తి చూడకపోతే చాలు దేవుడా," అంది పడవ, యజమాని గొంతుతో.

యజమాని నీళ్ళు నమిలాడు. కోచమ్మ కార్పెట్ ఎత్తింది. కింద చెక్క తడిసిన రొట్టెలా మెత్తగా ఉంది, బొటనవేలు దిగిపోయింది.

"మీరు అడిగుంటే నేనే చెప్పేవాణ్ణి," అన్నాడు యజమాని.

శుక్రవారం పాత పడవల వ్యాపారి యార్డుకి వెళ్ళారు. ఈయన తెలివైనవాడు, ముందే ఏర్పాట్లు చేసుకున్నాడు. కోచమ్మ తట్టగానే పడవ గొంతు సవరించుకుని, "ఆహా, ఎంత మంచి పడవ! ఇంజిన్ తొమ్మిదివందల గంటలే తిరిగింది! ఒక్క పైసా ఖర్చుండదు!" అని బడిపిల్లాడిలా అప్పజెప్పింది. కాసేపాగి, అదే గొంతుతో, "ఇది చాలేమో? ఇంకోసారి అంటే మంచిదేమో?" అని కూడా అంది. ఆ ముక్క కూడా నమోదవుతుందని వ్యాపారికి తోచలేదు.

కోచమ్మ ఇంజిన్ మీద చెయ్యి పెట్టింది. కాలింది. వాళ్ళు వచ్చేలోపే నడిపి వేడెక్కించి పెట్టాడు. చల్లటి ఇంజిన్ ఎంత మొరాయిస్తుందో కొనేవాళ్ళకి తెలియకుండా చేసే పాత ఎత్తు ఇది.

"సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాం. చల్లారాక స్టార్ట్ చెయ్యండి," అంది కోచమ్మ.

చల్లారాక అది పదిహేడుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి ఊరుకుంది. వ్యాపారి చేతులెత్తేశాడు.

తిరిగొస్తుంటే దార్లో భర్త ఈల వేశాడు. తనకి ధైర్యం చెప్పడానికే అనుకుంది కోచమ్మ. అతని మోకాలి మీద చెయ్యి వేసింది. అతను ఈల ఆపేశాడు.

శనివారం ప్రకటనల కాగితం ముందేసుకుని కూర్చుంటే అందులో కొట్టేయకుండా మిగిలింది ఒక్కటీ లేదు. సగం ఆమె కొట్టేసింది, సగం అతను కొట్టేశాడు. ఇది మరీ దూరం, దీనికి స్టీరింగ్ వదులు, ఇది అమ్ముడుపోయిందట. రిటైరైన ఒక పళ్ళ డాక్టరమ్మ పడవ పక్కన, "ఇంజిన్ బ్లాకు పగిలింది, చూసొచ్చాను" అని అతని చేతిరాత. ఇంజిన్‌లో మిగిలిన నీళ్ళు తీసేయకుండా చలికాలం వదిలేస్తే అవి గడ్డకట్టి ఇనుముని చీల్చేస్తాయి. అలాంటి పడవ ఊరికే ఇచ్చినా బరువే.

కోచమ్మ షెడ్డులోకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని, జాకెట్ల కుప్ప మీద కూర్చుని ఏడ్చింది. చాలాసేపే ఏడ్చింది. పదకొండేళ్ళలో ఎంతమందిని నీళ్ళ మీద నిలబెట్టింది తను. ఎల్లుండి నుంచి తను ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు. అన్నయ్య ఇంట్లో హాల్లో పడుకోవచ్చు, ఒక నెల. ఆ తర్వాత వదిన ముఖం చూడాలి. అలాంటి భయంలో మనిషికి తెలివితక్కువ ఆశలు పుడతాయి. ఆమెకీ ఒకటి పుట్టింది.

ఆదివారం పొద్దున వాన్ తాళాలు అడిగింది. "పళ్ళ డాక్టరమ్మ పడవ చూసొస్తా."

భర్త కప్పు కింద పెట్టాడు. "అది పగిలిందని చెప్పాగా కోచ్."

"పగిలిందే చూస్తా. చిన్న చీలికైతే వెల్డింగ్ చేయిస్తా. రేపు పదింటికి పావుగంట నడిస్తే చాలు నాకు."

"వద్దు. ఊరికే పెట్రోలు దండగ."

"ఇంకేముంది మనకి చూడ్డానికి? చెప్పు, ఏముందో చెప్పు, అక్కడికే వెళ్తా."

అతను కప్పు పక్కకి జరిపాడు. నడుం పట్టేసింది, నేను రాలేనన్నాడు. తాళాలిచ్చాడు గానీ, ఆమె అందుకున్నాక కూడా ఒక క్షణం వదల్లేదు.

డాక్టరమ్మ ఇల్లు కాలవ ఒడ్డున, కాలవ దాటితే నది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. పెరట్లో పందిరి కింద పడవ ఉంది. గోధుమరంగు, పక్కన నారింజ చారలు, నడిమధ్యన పెట్టె కింద ఇంజిన్. ఇప్పటి కుర్రకారు దాన్ని చూస్తే మొహం తిప్పుకుంటారు. కానీ శుభ్రం చూడాలి. ఇన్నేళ్ళు నోళ్ళు కడిగిన చేతులు కదా, పడవలో ఒక్క మూల కూడా వదల్లేదు.

"అల మరీ పెద్దది లేవదమ్మాయ్. బరువు కోసం వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెడితే సరిపోతుంది. నాకు నడుం వంగట్లేదు, ట్రైలర్ తగిలించలేను. అందుకే అమ్మేయడం," అంది డాక్టరమ్మ.

కోచమ్మ టార్చి పట్టుకుని ఇంజిన్ చుట్టూ వెతికింది. చీలిక లేదు. వెల్డింగ్ మచ్చ లేదు. ఆయిల్ పుల్ల తీసి చూసింది. లోపలికి నీళ్ళు పోతే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. ఇది తేనెలా ఉంది. ఇంజిన్ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. నీళ్ళ గొట్టం తగిలించి తాళం తిప్పితే మొదటిసారికే అంటుకుంది.

"బ్లాకు పగిలిందన్నారే," అంది కోచమ్మ, అయోమయంగా.

"ఎవరా అన్నది?" డాక్టరమ్మకి కోపమొచ్చింది. "పద్ధెనిమిది చలికాలాలు ప్రతిసారీ నా చేత్తో నీళ్ళు దించాను. ఏ తారీఖున దించానో రాసి పెట్టాను కూడా. ఇదిగో పుస్తకం. ఎవరో చెప్పు, వాళ్ళ పళ్ళు చూడాలి నేను."

కోచమ్మ ట్రైలర్ కిందికి దూరి, అలవాటు కొద్దీ తట్టింది. చెక్క గట్టిగా, నిండుగా మోగింది. ఆ వెనకే ఒక గొంతు వచ్చింది. ఆమె భర్త గొంతు.

"బాగుంది. చాలా బాగుంది ఇది. ఇది కొంటే మళ్ళీ నేనే నడపాలి. వెనకాల తను ఉంటుంది, ఇంత చిన్న అద్దంలో. పడితే కనబడదు. స్టీరింగ్ పట్టుకుంటే చేతులిలా వణుకుతున్నాయి. నా వల్ల కాదు. తనకెలా చెప్పను. పగిలిందని చెప్పేస్తా."

కోచమ్మ పడవ కిందే పడుకుని ఉండిపోయింది. ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లు పోతుందని తను ఏడుస్తుంటే, మంచి పడవ ఇక్కడుందని తెలిసీ పక్కన కూర్చుని కాగితం మీద కొట్టేస్తాడా? ఈల కూడా వేస్తాడా? ఆ తర్వాత ఆ కోపం ఎటో పోయింది. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది, అది ఇంకా బాధగా ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఊరందరికీ చెప్పింది, మా ఆయన తప్పు లేదని. ఆఫీసులో చెప్పింది, ఆసుపత్రిలో చెప్పింది, అన్నయ్యకి చెప్పింది. అతన్ని కూర్చోబెట్టి నీకెలా ఉందని ఒక్కసారి అడగలేదు.

"పోయిన ఆదివారం వచ్చాడాయన," అంది పైనుంచి డాక్టరమ్మ. "అంతా చూశాడు. కాసేపు ఒక్కణ్ణే కూర్చోవచ్చా అన్నాడు. నేను మొక్కలకి నీళ్ళు పోసి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుప్పొడి పడలేదేమో అనుకున్నా. మీ ఆయనా?"

"ఆఁ."

"నువ్వు తడితే వినిపిస్తుందని ఆయనకి తెలుసా?"

"ఎందుకు తెలీదు. పెళ్ళైన మొదటి వారంలోనే తెలుసు."

"మరి తెలిసి కూడా అన్నాడంటే, నీకు చెప్పాడనే అనుకోవాలి," అంది డాక్టరమ్మ. "నోరు తెరవడానికి భయపడేవాళ్ళని నలభై ఏళ్ళు చూశాను. తెరుస్తారు. ఎక్కడ తెరుస్తారనేదే మన చేతిలో ఉండదు."

కోచమ్మ బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది. ప్రకటనలో ఉన్న ధరే, చేతిలో ఉన్నదానికి సరిపోయింది. కొనకపోతే రేపటితో అంతా పోతుంది. కొంటే ఆయన మళ్ళీ ఆ సీట్లో కూర్చోవాలి. రెండూ చూసింది. రెండూ ఆమె వల్ల కాలేదు.

"డాక్టరుగారూ, నాకూ పడవ నడిపే లైసెన్సుంది. పదకొండేళ్ళుగా డ్రాయర్లోనే ఉంది," అంది చివరికి. "పరీక్ష రోజు తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. మీరు నేర్పుతారా? ఇవాళే?"

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "భోజనాల వేళకల్లా అవ్వాలి."

పడవని కాలవలోకి దించి నదిలోకి తీసుకెళ్ళారు. కోచమ్మ స్టీరింగ్‌ని ఊపిరాడకుండా పట్టుకుంది. తాడు చివర ఎంత ధైర్యమో ఇక్కడ అంత పిరికిది. రెండుసార్లు ఇంజిన్ ఆపేసింది, ఒకసారి ఒడ్డున రెల్లులోకి దూర్చింది. "నోరు తెరిచి గాలి పీల్చుకో, ఏం కాదు," అని డాక్టరమ్మ పక్కనుంచి అంటూనే ఉంది. మూడోసారికి పడవ తిన్నగా సాగింది. అప్పుడు కోచమ్మ తల పైకెత్తి అద్దంలోకి చూసింది. అరచేతంత అద్దం. వెనక పరుచుకున్న నీళ్ళన్నీ అందులో ఒక చారంత ఉన్నాయి. ఆ చారలో మనిషుంటే గోరంత కూడా ఉండదు. పదకొండేళ్ళు తను భర్తకి అలా కనబడింది. ముందుకి నడుపుతూ, ఆ గోరంత మనిషి ఉందో లేదో చూసుకుంటూ, అతను రోజుకి ఎన్నిసార్లు గుండె చిక్కబట్టుకునేవాడో అప్పుడు అర్థమైంది. కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి తీస్తే పడవ పక్కకి లాగింది, మళ్ళీ పట్టుకుంది.

మలుపులు, పడ్డ మనిషి దగ్గరికి ఇంజిన్ ఆపి ఎలా చేరాలో, రేవుకి తాకకుండా ఎలా నిలపాలో, అన్నీ పదేసిసార్లు చేయించింది డాక్టరమ్మ. భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. పడవ మళ్ళీ ట్రైలర్ ఎక్కాక కోచమ్మ అడిగింది.

"నేను కూడా కాసేపు ఒక్కదాన్నే కూర్చోవచ్చా?"

"మొక్కలకి పొద్దున్నే పోశాను," అంది డాక్టరమ్మ. "సరే, ఇంకోసారి పోస్తా. చావవులే."

కోచమ్మ తిరిగొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. భర్త షెడ్డు ముందు తాళ్ళు చుడుతున్నాడు. వాన్ వెనక నారింజ చారలు కనబడగానే లేచి నిలబడ్డాడు. ముఖంలో రంగు లేదు.

"బ్లాకు..." అన్నాడు.

"పగల్లేదు."

అతను తాడు వంక చూశాడు. ఆమె దారి పొడుగునా ఏమనాలో కూర్చుకుంటూ వచ్చింది, ఎదురుగా చూసేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. దగ్గరికెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది, వేళ్ళు ముడిపించింది, ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని పడవ దగ్గరికి నడిపించింది. అతని చేత్తోనే తట్టింది. పడవ ఒప్పుకుంది. ఈసారి వచ్చింది ఆమె గొంతు.

"ఎనిమిది నెలలైంది. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు నేను. అడిగితే నువ్వు వద్దంటావని, వద్దంటే మన గతేంటని, అడగలేదు. ఇకమీదట నేను నడుపుతా. నాకూ భయంగానే ఉంది."

అతను ఆ పిడికిలి విప్పకుండానే ట్రైలర్ చక్రం పక్కన కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా ఏడ్చారు. సరస్సు గట్టు మీద నడకకొచ్చినవాళ్ళు, పాత పడవ ఇంత ధరా అని ఏడుస్తున్నారేమో అనుకుని తప్పుకుని వెళ్ళారు.

"ఈల వేశావు," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

"వేశాను," అన్నాడు అతను. "నా బతుకులో అంత నీచమైన పని ఇంకోటి లేదు."

"ఉంది. మా అన్నయ్య వాన్‌కి డెంటు పెట్టి నా మీద చెప్పావు."

అతను నవ్వబోయాడు. సరిగ్గా రాలేదు.

సోమవారం సరస్సు ఆఫీసరు పది నిమిషాలు ముందే వచ్చాడు. పడవ రంగు చూసి కనుబొమలెగరేశాడు గానీ, రంగు గురించి రూల్సులో ఏమీ లేదు. వంగి ప్రొపెల్లర్ ఎక్కడుందో చూశాడు, ఇంజిన్ పెట్టె తెరిపించాడు, మంటలార్పే సిలిండరు అడిగాడు, జాకెట్లు లెక్కపెట్టాడు. ఆ తర్వాత రేవు గట్టు మీద కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళుగా నింపుతున్న ఫారమే. ఎవర్నీ అడగకుండా డ్రైవరు అన్నచోట భర్త పేరు రాసేశాడు.

"నేను కాదండీ," అన్నాడు భర్త.

ఆఫీసరు తలెత్తాడు. "మరి?"

అతని చేతులు వణుకుతున్నాయి. వాటిని జేబుల్లో దాచుకోలేదు. ఆఫీసరు చూశాడు, రేవులో ఉన్న మరో నలుగురూ చూశారు. కోచమ్మ స్టీరింగ్ దగ్గర కూర్చుని, అతనేమంటాడోనని వెనక్కి కూడా తిరగలేకపోయింది.

"నాకు నడపాలంటే భయమండీ," అన్నాడతను, అందరికీ వినబడేలా. "తను నడుపుతుంది. నేను వెనక్కి తిరిగి కూర్చుని పడ్డవాళ్ళని చూస్తుంటా."

ఆఫీసరు తను రాసిన పేరు కొట్టేసి, దాని పక్కన ఆమె పేరు రాశాడు.